సిడ్నీ స్వర్ణం అదృష్టం కాదు: రాబర్ట్ కొర్జెనియోవ్‌స్కీ నడక గురించి

మీ అబ్బాయి రాష్ట్రస్థాయి అండర్-20 పోటీల్లో 10,000 మీటర్ల నడక పోటీ (రేస్ వాకింగ్)లో ఇంకా రెండు ల్యాపులు ఉండగా డిస్‌క్వాలిఫై అయ్యాడని, పోలండ్ వాకర్ రాబర్ట్ కొర్జెనియోవ్‌స్కీ గురించి తెలుసుకొమ్మని కోచ్ గారు చెప్పారని రాశారు. తీరా మీరు వెదికి చూస్తే ఆయనా పెద్ద పోటీల్లో డిస్‌క్వాలిఫై అయినవాడేనని, పైగా 2000 సిడ్నీ ఒలింపిక్స్ 20 కిలోమీటర్ల స్వర్ణం తనకంటే ముందు గీత దాటినవాణ్ని తొలగించడం వల్ల దక్కిందని తెలిసిందన్నారు. “ఇలాంటి అదృష్టవంతుడి నుంచి మావాడు ఏం నేర్చుకోవాలి?” అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను పదేళ్లు వాకర్‌గా నడిచాను, ఆ తరవాత చాలా ఏళ్లు జడ్జిగా రోడ్డు పక్కన నిలబడ్డాను కాబట్టి, ఆ రెండు వైపుల నుంచీ జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

మన పత్రికలు ఆ పేరును రకరకాలుగా రాస్తాయి. పోలండ్ వాళ్లు పలికేది ఇంచుమించు ‘కొజెన్యోఫ్‌స్కి’ అని. వీడియోలు వెదికేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే వ్యాఖ్యాత ఎవరి గురించి మాట్లాడుతున్నాడో తెలుస్తుంది.

ముందుగా నిబంధనల సంగతి చెప్పాలి, ఎందుకంటే అవి తెలియకుండా అతని జీవితంలో ఏదీ అర్థం కాదు. రేస్ వాకింగ్‌కు నిబంధనలు రెండే. రెండు పాదాలూ ఒకేసారి గాలిలో ఉన్నట్టు జడ్జి కంటికి కనిపించకూడదు. దీన్ని మనవాళ్లు లాస్ ఆఫ్ కాంటాక్ట్ అంటారు. ముందుకు వేసిన కాలు నేలను తాకిన క్షణం నుంచి, శరీరం సరిగ్గా దాని మీదికి వచ్చేదాకా, మోకాలి దగ్గర వంగకూడదు. ఇది తప్పితే బెంట్ నీ. ఈ రెండో నిబంధన ఇప్పుడున్న కఠినమైన రూపంలోకి వచ్చింది 1990ల మధ్యలో. అంతకుముందు, శరీరం కాలి మీదికి వచ్చే సమయానికి మోకాలు తిన్నగా ఉంటే సరిపోయేది. ఈ మార్పుతో ఒక తరం వాకర్లు మడమ నేలకు ఆనించే తీరునే మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. కొర్జెనియోవ్‌స్కీ పెద్ద విజయాలన్నీ ఆ మార్పు తరవాతివేనన్న సంగతిని చాలామంది గమనించరు.

జడ్జికి అనుమానం కలిగితే, ఏ తప్పో తెలిపే గుర్తున్న పసుపు పలక (ప్యాడిల్) చూపించి హెచ్చరిస్తాడు. తప్పు స్పష్టంగా కనిపిస్తే రెడ్ కార్డు రాసి పంపుతాడు. ఒక వాకర్‌కు ఒక జడ్జి ఒకే రెడ్ కార్డు ఇవ్వగలడు. అందుచేత ఒక జడ్జి పగబట్టినా ఎవరూ బయటికి పోరు. ముగ్గురు వేర్వేరు జడ్జిలు, వేర్వేరు చోట్ల నిలబడి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా రాసిన మూడు కార్డులు చేరితే చీఫ్ జడ్జి ఎర్ర పలక చూపిస్తాడు, అంటే ఆ వాకర్ డిస్‌క్వాలిఫై అయినట్టే. 50 కిలోమీటర్ల నడకలో, అడుగు 1.1 నుంచి 1.2 మీటర్లు అనుకున్నా, నలభై వేలకు పైగా అడుగులు పడతాయి. వాటిలో ఏ అడుగు జడ్జి ముందు పడుతుందో నడిచేవాడికి తెలిసే ఉంటుంది గానీ, ఏ అడుగును జడ్జి చూస్తున్నాడో తెలియదు.

ఇక మనిషి సంగతి. కొర్జెనియోవ్‌స్కీ 1968 జులై 30న పోలండ్‌లోని లుబాచుఫ్‌లో పుట్టాడు. గంధకపు గనులకు పేరున్న తర్నోబ్జెగ్ పట్టణంలో చదువుకున్నాడు. చిన్నతనంలో కీళ్లను పట్టి పీడించే రుమాటిక్ జబ్బు వచ్చింది. మొదట మనసు పడింది జూడో మీద. నడకలోకి వచ్చింది ఆ తరవాతే. జబ్బుపడిన పిల్లాడు ప్రపంచ విజేత అయ్యాడనే కథను నేను పెద్దగా చెప్పదలచుకోలేదు. అది నిజమే అయినా, మీ అబ్బాయికి పనికివచ్చే భాగం అక్కడ లేదు, బార్సిలోనాలో ఉంది.

1992 బార్సిలోనా ఒలింపిక్స్ 50 కిలోమీటర్ల పోటీలో 24 ఏళ్ల కొర్జెనియోవ్‌స్కీ దాదాపు నాలుగు గంటలపాటు నడిచి రెండో స్థానంలో స్టేడియం దాకా వచ్చాడు. ఇంకా మిగిలింది కొన్ని వందల మీటర్లు. అక్కడ చీఫ్ జడ్జి ఎర్ర పలక చూపించాడు. స్వర్ణం ఆంద్రెయ్ పెర్లోవ్‌కు, రజతం మెక్సికోకు చెందిన కార్లోస్ మెర్సెనారియోకు, కాంస్యం జర్మనీ వాకర్ రోనాల్డ్ వైగెల్‌కు దక్కాయి. కొర్జెనియోవ్‌స్కీ పేరు ఎదుట ఫలితాల పట్టికలో సమయం కూడా లేదు. మారథాన్‌లో కాలు బెణికి కుంటుకుంటూ వచ్చినవాడికైనా ఒక సమయం, ఒక స్థానం దక్కుతాయి. ఈ ఆటలో డిస్‌క్వాలిఫై అయితే ఆ రోజు నువ్వు నడిచిన 49 కిలోమీటర్లకు ఏ లెక్కా ఉండదు. మీ అబ్బాయికి ఆ మధ్యాహ్నం ఎలా గడిచిందో నేను ఊహించగలను.

నాకూ ఒకసారి 20 కిలోమీటర్ల పోటీలో చివరి కిలోమీటరులో ఎర్ర పలక చూపించారు. ఆ జడ్జి నామీద ఏదో కక్షతో చేశాడని ఆరు నెలలు గట్టిగా నమ్మాను. ఆ తరవాత ఒక స్నేహితుడు అదే పోటీలో పక్కనుంచి తీసిన ఫొటోలు ఇచ్చాడు. మొదటి ల్యాపు ఫొటోలో నా ఎడమ మోకాలు గీత గీసినట్టు తిన్నగా ఉంది. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర తీసిన ఫొటోలో మడమ నేలకు ఆనుతున్నప్పుడే మోకాలు వంగి ఉంది. ఫొటోను చెయ్యంత దూరంలో పట్టుకుని చూసినా ఆ వంపు కనిపిస్తోంది. అలసట వల్ల తొడ వెనక కండరం బిగుసుకుని, కాలు పూర్తిగా చాచుకోకముందే నేలకు దిగిపోయింది. నాకు ఆ రోజు అలాంటిదేమీ తెలియలేదు. కాళ్లు తిన్నగానే పడుతున్నాయనుకున్నాను. నడిచేవాడికి తన తప్పు తెలియదన్నది ఈ ఆటలోని అసలు కష్టం.

కొర్జెనియోవ్‌స్కీ బార్సిలోనా తరవాత చేసింది సరిగ్గా ఈ కష్టంతో పోరాటం. వేగం అతనికి అప్పటికే ఉంది; లేకపోతే ఒలింపిక్స్‌లో రెండో స్థానంలో స్టేడియం దాకా రాలేడు. మార్చుకోవలసింది, నలభై వేల అడుగుల్లో చివరి వెయ్యి కూడా మొదటి వెయ్యిలాగే పడేటట్టు చూసుకోవడం. 1995 గోథెన్‌బర్గ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 50 కిలోమీటర్ల కాంస్యం వచ్చింది. ఆ మరుసటి ఏడాది 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 3 గంటల 43 నిమిషాల 30 సెకన్లతో స్వర్ణం గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన రష్యా వాకర్ మిఖాయిల్ షెన్నికోవ్‌కు అతనికి తేడా 16 సెకన్లు. మూడు ముప్పావు గంటల నడక చివర వెనక ఒక మనిషి 16 సెకన్ల దూరంలో వస్తున్నప్పుడు, భుజాలు పైకి లేవకుండా, అడుగు సాగకుండా, అదే తీరులో నడిచి గీత దాటడం ఎంత కష్టమో ఈ ఆట ఆడినవాళ్లకే తెలుస్తుంది. నాలుగేళ్ల కిందట ఎర్ర పలక చూసినవాడికి అది మరీ కష్టం.

1997 ఏథెన్స్ ప్రపంచ చాంపియన్‌షిప్, 1998 బుడాపెస్ట్ యూరోపియన్ చాంపియన్‌షిప్ కూడా గెలిచాడు. అంతా కుదురుకుందనుకునే సమయానికి 1999లో సెవిల్లా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మళ్లీ డిస్‌క్వాలిఫై అయ్యాడు. అప్పటికి అతను ఒలింపిక్, ప్రపంచ, యూరోపియన్ విజేత. జడ్జిలు అదేమీ చూడలేదు, చూడకూడదు కూడా. ‘ఆ మనిషి అదృష్టవంతుడు’ అన్న మాట మీరు సిడ్నీని చూసి అన్నారు. సిడ్నీకి ఏడాది పైచిలుకు ముందు ఇదే మనిషి ఇదే ఎర్ర పలకకు పదక ఆశలు పోగొట్టుకున్నాడన్న సంగతి కూడా ఆ లెక్కలో కలపాలి.

ఇప్పుడు సిడ్నీకి వద్దాం. 2000 సెప్టెంబరు 22న జరిగిన 20 కిలోమీటర్ల పోటీలో మెక్సికోకు చెందిన బెర్నార్డో సెగురా మొదట గీత దాటాడు. కొర్జెనియోవ్‌స్కీ వెంటనే అతని వెనక వచ్చాడు. సెగురా సంబరం చేసుకున్నాడు, మెక్సికో అధ్యక్షుడు ఎర్నెస్తో సెదీయోతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఆ సమయంలో అధికారి వచ్చి ఎర్ర పలక చూపించాడు. మూడో కార్డు పోటీ ఆఖరులో పడటంతో గీత దాటకముందు అతనికి తెలియజేయడం కుదరలేదు. స్వర్ణం 1 గంట 18 నిమిషాల 59 సెకన్ల ఒలింపిక్ రికార్డుతో కొర్జెనియోవ్‌స్కీకి, రజతం మరో మెక్సికో వాకర్ నోయె హెర్నాండెజ్‌కు, కాంస్యం రష్యాకు చెందిన వ్లదిమిర్ ఆంద్రెయెవ్‌కు దక్కాయి. సెగురాకు ఆ వార్త తెలిపిన తీరు నాకు నచ్చదు. ఆ దృశ్యం చూస్తే ఎవరికైనా మనసు కలుక్కుమంటుంది. తెలియజేయడంలో జరిగిన ఆలస్యం వేరు, తీర్పు వేరు. ముగ్గురు జడ్జిలు వేర్వేరు చోట్ల ఒకే మనిషిలో తప్పు చూశారు. అదే ముగ్గురి ముందు నుంచి, అదే వేగంతో, సెగురాకు అడుగుల దూరంలో నడిచిన కొర్జెనియోవ్‌స్కీకి మూడు కార్డులు పడలేదు.

చివరి కిలోమీటర్లలో వేగం పెంచేటప్పుడే రెండు పాదాలూ నేలను వదిలే ప్రమాదం ఎక్కువ. చేతులు ఎత్తుగా ఊగుతాయి, భుజాలు లేస్తాయి, వాటితోపాటు ఒళ్లంతా పైకి లేస్తుంది. నిజం చెప్పాలంటే వేగంగా తీసే కెమెరాతో చూస్తే ప్రపంచస్థాయి వాకర్లందరి పాదాలూ లిప్తకాలం నేలను వదులుతాయి. అందుకే నిబంధనలో ‘కంటికి కనిపించకూడదు’ అనే మాట ఉంది. అంటే ప్రతి వాకరూ ఒక గీత అంచు మీద నడుస్తున్నాడు. ఆ అంచుకు ఎంత దగ్గరగా వెళ్లవచ్చో, ఎక్కడ ఆగాలో తెలియడం ఈ ఆటలో కాళ్ల బలమంత ముఖ్యమైన నైపుణ్యం. 1992లో, 1999లో ఆ అంచు దాటి మూల్యం చెల్లించినవాడు 2000లో అంచుకు ఇవతల ఆగాడు. దాన్ని నేను అదృష్టం అనలేను.

ఇంకొక లెక్క కూడా చూడండి. ఈమధ్య కొన్ని పోటీల్లో అమలుచేస్తున్న పెనాల్టీ జోన్ పద్ధతి ప్రకారం మూడో రెడ్ కార్డుకు వాకర్‌ను వెంటనే తీసేయకుండా, 20 కిలోమీటర్ల పోటీలో రెండు నిమిషాలు ఆపుతారు. మూడో కార్డు మరీ ఆఖరున పడి ఆపడానికి వీల్లేకపోతే ఆ రెండు నిమిషాలను అతని సమయానికి కలుపుతారు. సిడ్నీ పోటీకి ఈ పద్ధతి వర్తింపజేసినా, మూడో స్థానంలో వచ్చిన ఆంద్రెయెవ్ సమయం 1 గంట 19 నిమిషాల 27 సెకన్లు కాబట్టి, సెగురాకు స్వర్ణం కాదు కదా కాంస్యం కూడా మిగిలేది కాదు. కొర్జెనియోవ్‌స్కీ మొదటివాడుగానే ఉండేవాడు.

అసలు గొప్పదనం ఆ తరవాతి వారంలో ఉంది. 50 కిలోమీటర్ల పోటీ సెప్టెంబరు 29న. దానికి ముందురోజు, 28న, మహిళల 20 కిలోమీటర్ల పోటీలో ముందున్న వాకర్లను ఒకరి తరవాత ఒకరిని తీసేశారు. ఆస్ట్రేలియాకు చెందిన జేన్ సావిల్‌ను, తన సొంత ఊరి స్టేడియంలోకి అడుగుపెట్టబోతుండగా, స్వర్ణానికి కొద్ది దూరంలో, ఆపేశారు. రేస్ వాకింగ్ జడ్జిల గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంటున్న ఆ ఉదయం కొర్జెనియోవ్‌స్కీ 50 కిలోమీటర్లు మొదలుపెట్టాడు. వారం కిందటే 20 కిలోమీటర్లు కిలోమీటరుకు 4 నిమిషాల లోపు వేగంతో నడిచిన కాళ్లు అవి. మీద రెండు తప్పుల చరిత్ర ఉంది. అయినా 3 గంటల 42 నిమిషాల 22 సెకన్లలో ముగించి గెలిచాడు. ఒకే ఒలింపిక్స్‌లో 20, 50 కిలోమీటర్ల నడకలు రెండూ గెలిచిన మొదటివాడు అతనే. ఒలింపిక్ 50 కిలోమీటర్ల స్వర్ణాన్ని నిలబెట్టుకున్న మొదటివాడూ అతనే. ఈ పోటీలో గీత దాటిన తరవాత ఎవరినీ తీసేసి అతనికి స్వర్ణం ఇవ్వలేదు.

2001 ఎడ్మంటన్ ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచాక, ముప్పై దాటిన వయసులో, అతను మునుపటికంటే వేగంగా నడవడం మొదలుపెట్టాడు. 2002 మ్యూనిక్ యూరోపియన్ చాంపియన్‌షిప్‌లో 3 గంటల 36 నిమిషాల 39 సెకన్లు, 2003 పారిస్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 3 గంటల 36 నిమిషాల 3 సెకన్లు. రెండూ ప్రపంచ రికార్డులే. పారిస్ లెక్క కిలోమీటరుకు 4 నిమిషాల 19 సెకన్లు, అదీ వరసగా యాభై కిలోమీటర్లు. మన ఊళ్లలో ఉదయం పరుగెత్తేవాళ్లలో చాలామంది ఆ వేగంతో ఒక్క కిలోమీటరు పరుగెత్తి చూసుకుంటే ఆ సంఖ్య ఏమిటో అర్థమవుతుంది. ఆ రోజు రష్యాకు చెందిన గెర్మన్ స్కురిగిన్ నిమిషంలోపు తేడాతో వెంటపడ్డాడు. అంటే ఆ రికార్డు ఒంటరిగా తీరిగ్గా నడిచి సాధించింది కాదు. జడ్జిల కళ్లముందు, ఒత్తిడిలో సాధించింది.

పారిస్ పోటీ వీడియో దొరికితే మీ అబ్బాయితో కలిసి శబ్దం తీసేసి చూడండి. మొదట కాళ్ల వంక చూడకండి. తల వంక చూడండి. వెనక కనిపించే కంచె పైఅంచుతో పోల్చుకుంటే ఆ తల దాదాపు ఒకే ఎత్తులో సాగుతుంది. జడ్జిగా నిలబడినప్పుడు నేనూ దూరం నుంచి ముందు తలలనే చూసేవాణ్ని. పైకీ కిందికీ ఎగిరే తల కనిపిస్తే ఆ వాకర్ దగ్గరికి వచ్చేసరికి నా చూపు అతని పాదాల మీద సిద్ధంగా ఉండేది. ఆ తరవాత నడుము చూడండి. అడుగు పొడవు కాలు చాచడం వల్ల రాకూడదు, నడుము తిరగడం వల్ల రావాలి. రెండు పాదాలూ ఒకే గీత మీద పడుతున్నట్టు కనిపించాలి. భుజాలు కిందికే ఉండాలి, మోచేతులు లంబకోణంలో వెనక్కి నెట్టుకుంటూ పోవాలి. ఆఖరున మోకాలు చూడండి. మడమ ఆనిన క్షణంలో వీడియో ఆపి, మొదటి గంటలోని అడుగును మూడో గంటలోని అడుగు పక్కన పెట్టి చూడండి.

2004 ఏథెన్స్ అతని చివరి ఒలింపిక్స్. 36 ఏళ్ల వయసులో 3 గంటల 38 నిమిషాల 46 సెకన్లతో 50 కిలోమీటర్లు మూడోసారి గెలిచాడు. రెండో స్థానంలో ఉన్న డెనిస్ నిజెగొరొదోవ్ నాలుగు నిమిషాల పైచిలుకు తరవాత వచ్చాడు. అట్లాంటాలో 16 సెకన్లు, ఇక్కడ నాలుగు నిమిషాలు. అంత ఆధిక్యం ఉన్నవాడికి చివర్లో వేగం పెంచి అంచు మీదికి వెళ్లవలసిన అవసరమే రాదు. నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు, మూడు ప్రపంచ టైటిళ్లు, రెండు యూరోపియన్ టైటిళ్లతో ఆ ఏడాదే పోటీల నుంచి తప్పుకున్నాడు. తరవాత పోలండ్ ప్రభుత్వ టెలివిజన్‌లో క్రీడా విభాగానికి అధిపతిగా పనిచేశాడు. అతని రికార్డును 2006లో ఆస్ట్రేలియాకు చెందిన నేథన్ డీక్స్, ఆ తరవాత 2008లో నిజెగొరొదోవ్, 2014లో ఫ్రాన్స్‌కు చెందిన యొహాన్ దినీజ్ దాటారు. ఇక 50 కిలోమీటర్ల పోటీయే ఒలింపిక్స్‌లో లేకుండా పోయింది. చివరిసారిగా 2021లో టోక్యో ఒలింపిక్స్ కోసం సప్పోరోలో జరిగినప్పుడు గెలిచినవాడూ పోలండ్ మనిషే, డావిడ్ తొమాలా. ఆ పోటీని తీసేయడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఓర్పుకు, నిబంధనకు అంతసేపు కలిపి పరీక్ష పెట్టే పోటీ మరొకటి లేదు.

మీ అబ్బాయి విషయానికి వస్తే, కోచ్ గారు సరైన మనిషినే చూపించారు. ఇప్పుడు చేయవలసిన పని ఒకటుంది. పోటీ తరవాత జడ్జిల కార్డులన్నింటినీ ఒక పట్టికలో నింపుతారు. ఏ నంబరు వాకర్‌కు, ఏ జడ్జి, ఎన్ని గంటలకు, ఏ తప్పుకు కార్డు ఇచ్చాడో అందులో ఉంటుంది. నిర్వాహకులను మర్యాదగా అడిగితే చూపిస్తారు, లేదా కోచ్ గారి ద్వారా అడిగించండి. అందులో మూడింటికీ అలలాంటి గీత గుర్తు ఉంటే అతని పాదాలు నేలను వదులుతున్నాయి. చివరి ల్యాపుల్లో వేగం పెంచే తీరు, చేతుల ఎత్తు సరిచేసుకోవాలి. మూడింటికీ బాణం మొనలాంటి కోణం గుర్తు ఉంటే మోకాలు. అప్పుడు తొడ వెనక కండరాన్ని సాగదీసే వ్యాయామాలు, మోకాలి కింద ముందువైపు కండరాన్ని బలపరిచేవి, నెమ్మదిగా ఎక్కువ దూరం నడిచే సాధన కావాలి. కార్డులు పడిన సమయాలు కూడా రాసుకోండి. మొదటి రెండు కిలోమీటర్లలోనే పడితే అది తీరులోని లోపం, ఆఖర్లో పడితే అలసట. ఆ పట్టిక దొరికాక, ఫోన్‌ను మోకాలి ఎత్తులో పెట్టి పక్కనుంచి తీసిన రెండు వీడియోలు, ఒకటి సాధన మొదట్లోది, ఒకటి ఆఖరుది, ఇక్కడే పెట్టండి. నేను చూసి రాస్తాను.